వంటింటికి వీసా ఇచ్చారు... హక్కుల మాటేమిటి?

గల్ఫ్ డబ్బు ఎలా ఉంటుందో చూడాలంటే మన డెల్టాలో పెద్దగా వెతకక్కర్లేదు. పాలకొల్లు నుంచి నరసాపురం వైపు గానీ, చించినాడ వంతెన దాటి రాజోలు వైపు గానీ బస్సెక్కి కిటికీలోంచి చూడండి. తాటాకిళ్ళ మధ్య రంగులేసిన డాబా ఒకటి కనిపిస్తుంది. పక్క సీటావిడని అడిగితే "అది కువైట్ ఇల్లండీ" అంటుంది. తమాషా ఏమిటంటే, ఆ ఇల్లు కట్టించిన ఇల్లాలు ఆ ఇంట్లో ఉండదు. ఎక్కడో, ఇంకెవరి ఇంట్లోనో గచ్చు తుడుస్తూ ఉంటుంది.

వలస గురించి మన పత్రికల్లో వార్తలకి కొదవ లేదు. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఇంటింటా అదే చర్చ. అబ్బాయిల భవిష్యత్తు ఏమవుతుందోనని తల్లులకి నిద్ర పట్టలేదు. నెల తిరిగేసరికి, అక్టోబరులో, మన విదేశాంగ శాఖ ఒక బిల్లు ముసాయిదాని ప్రజల ముందు పెట్టింది. 1983 నాటి వలసల చట్టం స్థానంలో కొత్తది తేవాలని దాని ఉద్దేశం. ఇలాంటి ముసాయిదాలు 2019లో ఒకటి, 2021లో ఒకటి వచ్చాయి కూడా. మరి దీని గురించి ఎన్ని ఇళ్ళల్లో మాట్లాడుకున్నాం? అమెరికా వీసా మన ఇంటి సంగతి. కువైట్ వీసా పనిమనిషి సంగతి. అంతేనా తేడా?

సెలవుల్లో దొరికిన చదువు

ఈ విషయం మీద నాకింత ఆసక్తి కలగడానికి కారణం మా ఆడపడుచు కూతురు. ఆ అమ్మాయి అయిదేళ్ళ లా కోర్సు చదువుతోంది. బార్ కౌన్సిల్ 2008 నాటి నిబంధనల ప్రకారం అయిదేళ్ళ కోర్సు వాళ్ళు చదువు పూర్తయ్యేలోగా 20 వారాలు, మూడేళ్ళ వాళ్ళు 12 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. లాయర్ల దగ్గరో, కోర్టులోనో, స్వచ్ఛంద సంస్థలోనో పని నేర్చుకోవాలి. తోటి పిల్లలు హైదరాబాదులోనూ ఢిల్లీలోనూ పెద్ద లాయర్ల ఆఫీసులు వెతుక్కుంటే, ఈ అమ్మాయి మాత్రం మొన్న వేసవి సెలవుల్లో గల్ఫ్ వెళ్ళిన వాళ్ళ కోసం పని చేసే ఒక స్వచ్ఛంద సంస్థని ఎంచుకుంది. నాలుగు వారాలు మా ఇంట్లోనే ఉండి వెళ్ళొచ్చింది.

"హక్కుల కోసం పోరాటం అంటే కోర్టులో వాదనలనుకున్నాను అత్తయ్యా. మొదటి వారమంతా జిరాక్సులే" అని నవ్వింది.

నిజానికి ఆ జిరాక్సుల్లోనే ఉంది అసలు కథంతా. ఆ ఆఫీసుకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తల్లులు, అక్కచెల్లెళ్ళు. చేతిలో ఫోను, ఫోనులో ఏడుస్తూ పంపిన వాయిస్ మెసేజీ. ఈ అమ్మాయి కాగితం, కలం పట్టుకుని అడుగుతుంది.

"మీ అమ్మాయి ఎక్కడుందండీ?"

"కువైట్‌లోనమ్మా."

"కువైట్‌లో ఎక్కడ?"

"బాబా ఇంట్లో."

బాబా అంటే అక్కడి ఇంటి యజమాని, మామా అంటే యజమానురాలు. వాళ్ళ అసలు పేర్లు తెలియవు. ఏ ప్రాంతమో తెలియదు. పాస్‌పోర్టు నంబరు రాసి పెట్టుకోలేదు. ఏజెంటు పేరు అడిగితే "మా ఊరాయనే" అంటారు. ఆయన ఫోను ఎత్తడు. రాయబార కార్యాలయానికి ఫిర్యాదు పంపాలంటే కనీసం పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు, ఫోను నంబరు ఉండాలి కదా! లక్షల మంది ఉన్న దేశంలో 'బాబా ఇంట్లో ఉన్న మా అమ్మాయి'ని ఎవరు వెతికిపెడతారు?

హక్కు అనేది చాలా పెద్ద మాట. కానీ అది నిలబడేది ఒక చిన్న కాగితం మీద. ఆ కాగితం ఊరిలో ఉండిపోయిన వాళ్ళ దగ్గర లేకపోతే, ఎంత గొప్ప చట్టమైనా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఎందుకు వెళ్తున్నారంటే...

"ఇన్ని కష్టాలుంటే వెళ్ళడం దేనికి?" అని తేలిగ్గా అనేస్తాం. గోదావరి వాళ్ళకి సముద్రం దాటడం కొత్త కాదు. కోరంగి రేవు నుంచి మారిషస్ చెరుకు తోటలకి ఒప్పంద కూలీలుగా, బర్మాకి బియ్యపు మిల్లుల్లో పనికీ వెళ్ళిన చరిత్ర మనది. అప్పుడు ఎక్కువగా మగవాళ్ళు వెళ్ళారు. ఇప్పుడు మన ప్రాంతం నుంచీ, అటు కడప, చిత్తూరు వైపు నుంచీ ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫ్ వెళ్తున్నారు.

కారణాలు మన కళ్ళ ముందే ఉన్నాయి. వరి చేలు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయ్యాయి. చెరువు తవ్విన చోట ఊడ్పు లేదు, కలుపు లేదు, కోత లేదు. మిగిలిన చేలల్లో కోత మిషన్లు దిగాయి. ఆడకూలీకి సంవత్సరంలో పని దొరికే రోజులు తగ్గిపోయాయి. ఆడపిల్ల పెళ్ళి, ఆసుపత్రి ఖర్చు, నూటికి మూడు రూపాయల వడ్డీ మాత్రం తగ్గలేదు. 2016లో కువైట్ ప్రభుత్వం ఇంటిపనివాళ్ళకి నిర్ణయించిన కనీస జీతం 60 దినార్లు. మన డబ్బులో చూస్తే సుమారు 16, 17 వేల రూపాయలు. తిండి, బస అక్కడే. ఇక్కడ నాలుగిళ్ళల్లో అంట్లు తోమితే ఎంతొస్తుందో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు, ఇచ్చేది మనమే కదా!

అందుకని వెళ్ళేవాళ్ళని అమాయకులనో, ఆశపోతులనో అనడం న్యాయం కాదు. వాళ్ళు లెక్క వేసుకునే వెళ్తున్నారు. ఆ లెక్కలో ఒక్క అంకె మాత్రం వాళ్ళకి కనపడకుండా దాచేస్తున్నారు. అదే ఖఫాలా.

కొనుక్కొచ్చామనే ధీమా

ఖఫాలా అంటే పూచీకత్తు పద్ధతి. విదేశీ పనిమనిషి ఆ దేశంలో ఉండడానికి అనుమతి, అంటే మనవాళ్ళు 'అకామా' అనేది, ఒక యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. పని నచ్చకపోయినా, జీతం ఇవ్వకపోయినా, కొట్టినా ఆమె తనంత తానుగా ఇంకో ఇంట్లో చేరడానికి లేదు. గడప దాటిందా, 'పారిపోయింది' అని యజమాని కేసు పెడతాడు. జీతం ఎగ్గొట్టినవాడు ఇంట్లోనే ఉంటాడు. జీతం రానామె నేరస్థురాలు అవుతుంది.

దీని వెనకాల ఒక వ్యాపారం ఉంది. ఇంటిపనికి మనిషి కావాలంటే యజమాని అక్కడి ఏజెన్సీకి పెద్ద మొత్తం కడతాడు. అందులో కొంత ఇక్కడి ఏజెంటు దాకా వస్తుంది. మన పిల్ల "నేను ఇంటికి వెళ్ళిపోతాను" అంటే, "నీకోసం ఇంత డబ్బు పోశాను, అది కట్టి వెళ్ళు" అంటాడు యజమాని. ఆ డబ్బు ఆమె చేతికి వచ్చింది కాదు. ఎంత మారిందో కూడా ఆమెకి తెలియదు. కానీ తిరిగి కట్టాల్సింది మాత్రం ఆమె! మనిషిని పనికి పెట్టుకోవడానికీ కొనుక్కోవడానికీ మధ్య ఉన్న గీత ఇక్కడే చెరిగిపోతోంది.

అక్కడ చట్టాలు లేవా అంటే ఉన్నాయి. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ళ కోసం ప్రత్యేక చట్టం చేసింది. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు. వారానికో సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున కట్టివ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఖతర్, యూఏఈ కూడా 2017లో ఇలాంటి చట్టాలు చేశాయి. అయితే ఫ్యాక్టరీ తనిఖీకి అధికారి వెళ్ళినట్టు ఒకరి వంటింట్లోకి ఎవరు వెళ్తారు? తలుపు మూసి ఉన్న ఇంట్లో గంటలు ఎవరు లెక్కపెడతారు? నాలుగ్గోడల మధ్య ఆడదాని శ్రమకి సాక్ష్యం దొరకదని మనకి కువైట్ వెళ్ళే తెలియాలా?

రక్షణా... కాపలానా?

ఇక మన ప్రభుత్వం సంగతి. 1983 చట్టం ప్రకారం లైసెన్సు లేనివాడు విదేశాలకి పనివాళ్ళని పంపకూడదు. పదో తరగతి పాసవ్వని వాళ్ళ పాస్‌పోర్టుని ఈసీఆర్ అంటారు. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకి పనికోసం వెళ్ళాలంటే వాళ్ళకి ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. ఆడవాళ్ళయితే 30 ఏళ్ళు నిండితేనే పంపుతారు. 2016లో ఇంకో అడుగు ముందుకేసి, ఇలాంటి మహిళలని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. మన రాష్ట్రానికి ఓంక్యాప్, తెలంగాణకి టామ్‌కామ్ అలాంటివే.

వినడానికి ఎంతో బాగుంది. కానీ జరిగేదేమిటి? పాతికేళ్ళ పిల్లకి అప్పు తీర్చాలి. సరైన దారిలో వెళ్ళడానికి వయసు చాలదు. అప్పుడొస్తాడు ఊళ్ళో ఏజెంటు. "ముందు విజిట్ వీసా మీద వెళ్ళు, అక్కడికెళ్ళాక మార్పిస్తాను" అంటాడు. విమానం ఎక్కేటప్పుడు ఆమె చుట్టాలింటికి వెళ్తున్న మనిషి. దిగాక పనిమనిషి. ప్రభుత్వం పుస్తకాల్లో ఆమె పేరు ఎక్కడా ఉండదు. పేరు లేకపోతే ఒప్పందం లేదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా లేదు. రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలిచ్చే ఆ బీమా, దొడ్డిదారిన వెళ్ళినామెకి అందదు.

ఇంకో విచిత్రం చూడండి. పది పాసైన అమ్మాయికి ఈ అనుమతి అక్కర్లేదు. చదువుకుంది కాబట్టి తనని తాను కాపాడుకుంటుందని చట్టం ఉద్దేశం కాబోలు! కానీ ఆమె కూడా అదే ఇంట్లో, అదే పనికి, అరబ్బీలో రాసిన అదే ఒప్పందం మీద సంతకం పెట్టి వెళ్తోంది. పదో తరగతి సర్టిఫికెట్టు చూపిస్తే బాబా జీతం సరిగ్గా ఇస్తాడా?

ఆడదాన్ని కాపాడాలంటే గడప దాటనివ్వకూడదనే పాత పద్ధతే ఈ నిబంధనల్లోనూ కనిపిస్తుంది. గడపకి తాళం వేస్తే దొడ్డి గుమ్మం తెరుచుకుంటుంది. ఫిలిప్పీన్స్ వాళ్ళు దీన్ని వేరేలా పట్టుకొచ్చారు. 2018లో కువైట్‌లో తమ దేశపు పనమ్మాయి హత్య బయటపడగానే మనుషుల్ని పంపడం ఆపేశారు. మూడు నెలలు గట్టిగా నిలబడి, మే నెలలో ఒప్పందం రాయించుకున్నారు. పనివాళ్ళ పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు, ఫోను లాక్కోకూడదు. అంటే వాళ్ళు నిషేధాన్ని ఆడవాళ్ళ మీద కాకుండా యజమానుల మీద ప్రయోగించారు. మన దేశం కూడా 2021 జూన్‌లో కువైట్‌తో ఇంటిపనివాళ్ళ గురించి అవగాహన ఒప్పందం చేసుకుంది. మంచిదే. కానీ విజిట్ వీసా మీద వెళ్ళినామెని అది ఎలా చేరుతుంది?

కొత్త చట్టం వచ్చినప్పుడు మనం అడగాల్సిన ప్రశ్నలు ఇవే. వయసు నిబంధన వెనక ఉన్న దొంగదారి మూస్తారా? పది పాసైన పనమ్మాయికీ రక్షణ ఉంటుందా? ఒప్పందం తెలుగులో చేతికిస్తారా? ఊళ్ళో తిరిగే చిన్న ఏజెంటుని పట్టుకునే వీలుంటుందా? తిరిగొచ్చిన మనిషికి బకాయి జీతం ఇప్పించే బాధ్యత ఎవరిది?

ఇంటిపని పనే

మన పక్కనే ఉన్న నరసాపురం లేసు అల్లికల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి ఆ అల్లికల ఆడవాళ్ళ మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం వేసింది. విదేశాలకి ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్న వాళ్ళని లోకం 'ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్ళు' గానే లెక్కవేసిందనీ, అందుకే కూలి అంత తక్కువనీ ఆమె తేల్చింది. ఇంట్లో చేసేది పని కాదన్న ఆ లెక్కే ఇవాళ విమానమెక్కి కువైట్ దాకా వెళ్ళింది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్ 16న 189వ ఒడంబడికని ఆమోదించింది. ఇంటిపనివాళ్ళు కూడా మిగతా కార్మికుల్లాంటి వాళ్ళేనని దాని సారాంశం. ఫిలిప్పీన్స్ 2012లోనే ధ్రువీకరించింది. భారత్ ఇంకా ధ్రువీకరించలేదు. మన ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి ప్రత్యేక చట్టం లేదని గుర్తుచేస్తూ, 2025 జనవరిలో సుప్రీం కోర్టు ఒక కమిటీ వేసి పరిశీలించమని కేంద్రానికి చెప్పింది.

ఇక్కడ మనల్ని మనం ఒక మాట అడుక్కోవాలి. కువైట్ మామా వారానికో రోజు సెలవివ్వలేదని కోప్పడతాం. మన ఇంట్లో పనిచేసే ఆమెకి వారానికో సెలవు ఎంతమందిమి ఇస్తున్నాం? జ్వరం వచ్చి రెండ్రోజులు రాకపోతే జీతంలో కోత పెట్టని వాళ్ళం ఎందరం? మన గుమ్మంలో లేని హక్కుని, పరాయి దేశపు గుమ్మంలో గట్టిగా అడిగే బలం మన ప్రభుత్వానికి ఎక్కణ్ణించి వస్తుంది?

నాలుగు వారాల్లో ఏం ఒరిగింది?

ఇంటర్న్‌షిప్ అయిపోయే ముందు మా అమ్మాయి కాస్త దిగులుగానే ఉంది. తను రాసిన అర్జీల్లో జవాబు వచ్చినవి కొన్నే. "నాకు సర్టిఫికెట్టు వచ్చేసింది అత్తయ్యా, వాళ్ళకి వాళ్ళ పిల్లలు ఇంకా రాలేదు" అంది. ఆ మాట తీసిపారేయదగ్గది కాదు. వేసవిలో వచ్చి, నాలుగు కన్నీటి కథలు విని, బయోడేటాలో ఒక వరుస పెంచుకుని వెళ్ళిపోతే, అది ఆ తల్లుల కష్టంతో మనం బాగుపడడమే.

కానీ ఇంకో వైపూ చూడాలి. ఆ నాలుగు వారాల్లో ఆ అమ్మాయి చట్టం పుస్తకంలోంచి పనికొచ్చే సంగతులు వెతికి తెలుగులో రాసిపెట్టింది. వలసల చట్టం కింద కేసు నడపాలంటే మామూలుగా కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. అయితే మోసపోయిన మనిషి గానీ, ఆమె తరఫున తల్లిదండ్రులో, భర్తో, బిడ్డలో, తోబుట్టువులో ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. పాస్‌పోర్టు మన ప్రభుత్వపు ఆస్తి అని 1967 చట్టమే చెబుతోంది, దాన్ని దాచుకునే హక్కు ఏజెంటుకి లేదు. ఆదాయంతో సంబంధం లేకుండా ఏ మహిళకైనా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. 15100కి ఫోను చెయ్యొచ్చు. ఇవన్నీ ఎప్పటినుంచో పుస్తకాల్లో ఉన్నవే. వరండాలో కూర్చున్న తల్లికి అర్థమయ్యేలా చెప్పే మనిషే లేకపోయింది.

కాబట్టి ఇంటర్న్‌షిప్ వ్యర్థం కాదు, ఒక్కరితో ఆగిపోతే మాత్రం వ్యర్థం. ఒకరు వదిలిన ఫైలు ఇంకొకరు అందుకునేలా మన లా కాలేజీలు విడతలుగా పిల్లల్ని పంపితే, ఏడాది పొడుగునా ఆ వరండాలో ఎవరో ఒకరు ఉంటారు.

వెళ్ళేముందు ఇంట్లో ఉంచాల్సినవి

వెళ్ళే ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్‌లో చూసుకోవచ్చు. ఇంట్లో చదువుకున్న పిల్లల్ని అడిగితే నిమిషంలో చూసిపెడతారు. పనికి వెళ్తూ విజిట్ వీసా ఒప్పుకోవద్దు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, టిక్కెట్టు... అన్నిటికీ జిరాక్సులు ఇంట్లో ఉండాలి. యజమాని పేరు, ఫోను నంబరు, ప్రాంతం చేరగానే ఇంటికి పంపాలి. జీతం పడే ఖాతా ఆమె పేరు మీదే ఉండాలి. కష్టపడేది ఒకరు, ఖాతా ఇంకొకరిది అయితే తిరిగొచ్చేసరికి డాబా ఉంటుంది, దాని మీద ఆమెకి మాట ఉండదు. ఆపద వస్తే 1800 11 3090 నంబరుకి చెప్పొచ్చు. అక్కడి రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది, టిక్కెట్టుకీ, న్యాయ సహాయానికీ అడగొచ్చు.

దీనికి మనమేం చెయ్యగలం అంటారా? ఊరూరా డ్వాక్రా సంఘాలున్నాయి. మన సంఘంలో ఒకామె గల్ఫ్ వెళ్తోందంటే, ఆమె పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు, ఏజెంటు పేరు సంఘం పుస్తకంలో రాసుకుందాం. నెలకోసారి పొదుపు కట్టేటప్పుడు "ఆమె ఫోను చేసిందా?" అని ఇంటివాళ్ళని అడుగుదాం. రెండు నెలలు కబురు లేకపోతే నలుగురం కలిసి పోలీసు స్టేషనుకి వెళ్దాం. పొదుపు లెక్క రాసే పేజీ పక్కన ఇంకో పేజీ కేటాయించడానికి ఢిల్లీలో ఏ చట్టమూ పాసవ్వక్కర్లేదు.